రోడోడెండ్రాన్ చుట్టూ తీసిన పాదు

ఆ రెండు మొక్కల్నీ చంపింది నేనే. గాలికి పోయాయని ఆఫీసులో చెప్పాను, చలికి పోయాయని మా ఆవిడకి చెప్పాను. వెల్లింగ్టన్‌లో ఏ తప్పునైనా గాలి మీదికి నెట్టేయవచ్చు, ఎవరూ కాదనరు. కానీ గాలి పార పట్టుకుని గొయ్యి తవ్వదు. ముసలావిడకి ఫోన్లో అబద్ధాలు చెప్పదు. ఆ రెండు పనులూ చేసినవాడి మీద నాకు ఇంకా కోపం తగ్గలేదు. ఆ కోపం ఉండగానే ఇది రాసేయాలి. చల్లబడితే మళ్లీ నన్ను నేనే వెనకేసుకొస్తాను.

మాది వెల్లింగ్టన్ శివారు జాన్సన్‌విల్‌లో వాలు మీద కట్టిన ఇల్లు. కంచెకి అవతలి ఇంట్లో ఒక కివీ ఆవిడ, ఈ దేశపు మనిషే, ఒంటరిగా ఉండేది. ఎనభై దాటాయి. మేం వచ్చిన మొదటి వారమే ఒక సంచి నిండా జామకాయల్లాంటి ఫెయిజోవా పళ్లు కంచె మీద పెట్టి, పలకరించకుండా వెళ్లిపోయింది. మా ఆవిడ ఆమెని ఆంటీ అని పిలిచేది. “నేను నీకు ఏ వైపు ఆంటీని?” అని మొదట్లో అడిగింది, తర్వాత అలవాటు పడింది.

కంచె పక్కనే ఆవిడ రోడోడెండ్రాన్ ఉండేది. చల్లటి కొండల్లో పెరిగే పూలచెట్టు అది. తోలులాంటి దళసరి ఆకులు, కొమ్మ చివర గుత్తులుగా పూలు. ఆవిడది ముదురెరుపు. ఆ ఇంట్లోకి వచ్చిన కొత్తలో ఆవిడ భర్త నాటాడట. ఆయన పోయి చాలా ఏళ్లయింది, చెట్టు మాత్రం చూరు దాటి ఎదిగింది. అక్టోబరులో అది పూస్తే మా వంటింటి కిటికీ నిండా అదే కనిపించేది.

తుంటి అరిగి మెట్లెక్కలేక ఆవిడ ఇల్లు అమ్మేసింది. కొన్నవాళ్లు పడగొట్టి నాలుగు ఇళ్లు కడతామన్నారు. ఆ ప్లానులో చెట్టు లేదు. పెకలించి పట్టుకెళ్దామంటే ఈ వాలులోకి క్రేను రాదు. ఇలాంటి రోజు వస్తుందని ఆవిడ రెండేళ్ల ముందే మూడు కింది కొమ్మల్ని నేలకి వంచి, మట్టి కప్పి, బరువు పెట్టింది. వాటికి వేళ్లు పట్టాయి. మే నెలలో ఇల్లు ఖాళీ చేసేముందు ఆ మూడింటినీ తల్లిచెట్టు నుంచి వేరుచేయించి నాకిచ్చింది.

“నాకు తుంటి ఆపరేషన్ ఉంది. కొన్నాళ్లు మగ్గు నీళ్లు కూడా ఎత్తలేను,” అంది. “ఏడాది నీ దగ్గర నిలదొక్కుకోనీ. వచ్చే మే నెలకి ఒకటి నాకు తెచ్చివ్వు. మిగతా రెండూ మీవే. నేను వెళ్లేచోట గుమ్మం ముందు పెద్ద తొట్టి పెట్టుకోవచ్చట. అడిగి కనుక్కున్నాను.”

ఆవిడ అడిగింది అంతే. అంత చెట్టుకి బదులు తొట్టిలో ఒక పిల్ల.

ఇప్పుడు నా గురించి చెప్పాలి. మాది అనంతపురం జిల్లా. మా నాన్నకి చీనీ తోట ఉండేది. చీనీ అంటే బత్తాయి. ఆ నేలలో మొక్క నాటితే మూరెడు లోతు గొయ్యి తీసి, అడుగున ఎరువు వేసి, చుట్టూ గుండ్రంగా గట్టు పెట్టి పాదు కడతారు. పోసిన ప్రతి చుక్కా ఆ పళ్లెంలో ఆగి వేరుకి దిగాలి. పాదులో మట్టి గట్టిపడితే పారతో గుల్ల చేయాలి. మా నాన్న పొద్దున్నే తోటలోకి వెళ్తే ముందు పాదులు చూసేవాడు, తర్వాతే కాయలు.

నేనూ అదే చేశాను. బంకమట్టిలో మూరెడు లోతు గోతులు మూడు తవ్వాను. అడుగున ఇంకా వేడి తగ్గని గుర్రాల ఎరువు పోశాను. మొక్క దింపి వేళ్ల ముద్ద మీద జానెడు మట్టి కప్పి తొక్కాను. పురుగు పట్టకుండా మా పొయ్యిలోని కట్టె బూడిద చల్లాను. చివరికి చుట్టూ గట్టు కట్టి, మూడు పాదుల్నీ దూరంగా నిలబడి చూసుకుని మురిసిపోయాను.

ముసలావిడ చేతికర్ర మీద వాలి కంచె దగ్గర నుంచి చూస్తోంది.

“అదేంటి డియర్, ఆ గుంటలు? చేపల్ని పెంచుతావా?”

“నీళ్లు ఆగడానికి.”

“ఈ ఊళ్లో నీళ్లు ఆపాలా? పోవట్లేదనే కదా అందరం ఏడ్చేది.” కర్రతో చూపిస్తూ చెప్పింది. “దీని వేళ్లు పైపైనే పరుచుకుంటాయి. పాతిపెట్టకూడదు, నేల మీద కూర్చోబెట్టాలి, కాస్త ఎత్తుగా. బూడిద తీసెయ్, దానికి పుల్లటి మట్టి కావాలి. పైన బెరడుముక్కలు కప్పు, మొదలుకి తగలకుండా. మొదటి ఎండాకాలం మట్టి ఆరితే నీళ్లు పొయ్యి. చుట్టూ తవ్వకు. ఇక దాని జోలికి పోకు.”

“మాది రైతు కుటుంబం,” అన్నాను. నవ్వుతూనే అన్నాను, లోపల మండిపోతోంది.

ఆవిడ నన్నొకసారి చూసి, “అయితే సరే. రైతుకి చెప్పడానికి నేనెవర్ని,” అని లోపలికి వెళ్లిపోయింది.

నిజం ఏమిటంటే పదకొండేళ్లకే నన్ను హాస్టల్లో వేశారు. తోటకి సెలవుల్లో వెళ్లేవాణ్ని. మోటారు కింద స్నానం చేసి, చీనీకాయలు తిని, తిరిగొచ్చేవాణ్ని. పాదులు తీసింది మా నాన్న, కూలీలు. నేను చూశాను, అంతే. చూసినదాన్ని చేసినట్టు ఇరవై ఏళ్లుగా చెప్పుకు తిరుగుతున్నాను. ఆఫీసులో నేను రాసిన ప్రతి లైనూ ఎవరో ఒకరు దిద్దుతారు, నేను పలికిన ప్రతి మాటా మళ్లీ చెప్పమంటారు. మట్టి దగ్గరైనా నన్ను దిద్దేవాళ్లు ఉండకూడదనుకున్నాను. అందుకని యాభై ఏళ్లు ఆ చెట్టుతో బతికిన మనిషి నోరు మూయించాను.

ఇక్కడ చలికాలమైన జూన్, జులై వానలకి మూడు పాదులూ నిండాయి. కింద బంకమట్టి నీళ్లు దిగనివ్వదు, పైన నా గట్టు పక్కకి పోనివ్వదు. రోజుల తరబడి ఆ మొక్కలు తొట్టిలో నిలబడ్డట్టు నిలబడ్డాయి. వాన తెరిపిచ్చినప్పుడల్లా పార తీసుకెళ్లి మట్టి గుల్ల చేశాను. జుట్టులాంటి సన్నటి వేళ్లు పారకి చుట్టుకుని పైకొచ్చేవి. గడ్డివేళ్లనుకుని దులిపేశాను. ఆ మాట రాస్తుంటే ఇప్పటికీ చేతులు నరుక్కోవాలనిపిస్తుంది.

నవంబరులో ఒక మొక్క ఆకులు వేలాడాయి. తర్వాత చుట్టల్లా చుట్టుకున్నాయి. దాహమనుకున్నాను. వేళ్లు కుళ్లినా ఆకులు దాహమేసినట్టే వాలతాయని నాకు తెలియదు, తెలుసుకోలేదు. పొద్దున ఒక బకెట్టు, సాయంత్రం ఒక బకెట్టు పోశాను.

“ఏవండీ, నేల తడిగానే ఉంది కదా. ఒకసారి వేలు పెట్టి చూడండి,” అంది మా ఆవిడ.

“తోటలో పుట్టినోణ్ని నేనా, బ్లాక్‌బోర్డు కింద పుట్టిన దానివి నువ్వా?” అన్నాను. వాళ్ల నాన్న తిరుపతిలో టీచరు.

“మీరు పుట్టింది తోటలో కాదు, ధర్మవరం ఆస్పత్రిలో. మీ అమ్మే చెప్పింది.”

“నీకు తెలియని విషయాల్లో వేలు పెట్టకు.”

“వేలు పెట్టమని మీకే చెబుతున్నా. మట్టిలో,” అని లోపలికి పోయింది. ఆ సాయంత్రం మూడో బకెట్టు కూడా పోశాను, ఆవిడ కిటికీలోంచి చూస్తుండగా.

డిసెంబరులో అది చచ్చింది. రెండు వేళ్లతో లాగితే వచ్చేసింది. వేళ్లు నల్లబడి, మెత్తబడి, మురుగు వాసన వేస్తున్నాయి. మా ఆవిడ పని నుంచి వచ్చేలోగా ముక్కలు చేసి చెత్తడబ్బాలో అడుగున పడేశాను. అడిగితే చలికి పోయిందన్నాను. “ఎండలు కాసే డిసెంబర్లో చలా?” అంది. జులైలో తగిలిన చలి ఇప్పుడు బయటపడిందన్నాను. ఆవిడ నమ్మలేదు. నమ్మనందుకు రెండు రోజులు మాట్లాడకుండా ఉన్నాను, తప్పు తనదైనట్టు.

ముసలావిడ ఆదివారాలు ఫోన్ చేసేది. ఆపరేషన్ అయి, తీరం వెంబడి గంట దూరంలో పెద్దవాళ్లుండే ఇళ్ల సముదాయంలో చేరింది. “పిల్లలెలా ఉన్నారు?” అని అడిగేది. పిల్లలంటే మొక్కలు.

“మూడూ బాగున్నాయి,” అన్నాను.

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. గొంతు కూడా తడబడలేదు. జనవరిలో రెండోది కూడా పోయింది. ఆ ఆదివారం “ఫోటోలు పంపు, ఇక్కడ పక్కావిడకి చూపించాలి,” అంది. మిగిలిన ఒక్క మొక్కనే మూడు వైపుల నుంచి మూడు ఫోటోలు తీసి పంపాను. మూడోదానికి పక్కన బకెట్టు కూడా పెట్టాను, వేరే చోటులా కనిపించాలని. ఇంత తెలివి మొక్క నాటేటప్పుడు ఎక్కడికి పోయిందో.

అసలు సంగతి ఇది. అప్పటికి తల్లిచెట్టు ఇంకా బతికే ఉంది. అనుమతులు ఆలస్యమై పక్కిల్లు ఖాళీగా పడి ఉంది. అక్టోబరులో చెట్టు ఎప్పటిలాగే పూసింది. నేను కాఫీ తాగుతూ ఆ పూలు చూశాను. మొదటి మొక్క చచ్చిన రోజే ముసలావిడకి చెప్పి ఉంటే, ఏ కొమ్మ ఎలా కోయాలో, ఎలా నాటాలో చెప్పేది. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి. మూడు నెలలు నా కిటికీ ఎదురుగా అంత చెట్టు నిలబడి ఉంటే, నేను పరువు కాపాడుకుంటూ కూర్చున్నాను.

మార్చిలో ఒక పొద్దున డిగ్గర్ అనే తవ్వే యంత్రంతో ఒక కుర్రాడు పక్కింటికి వచ్చాడు. ఇంటి నుంచే పని చేస్తున్నాను. ముందు గ్యారేజీ పడగొట్టాడు, తర్వాత చెట్టు వైపు తిరిగాడు. నేను కంచె దగ్గరికి పరుగెత్తి అరిచాను. ఏం అరిచానో సరిగా గుర్తులేదు, నీకు బుద్ధుందా అన్నట్టు గుర్తు. అతను ఇంజను ఆపి, చెవుల మీది మఫ్స్ తీశాడు. పాతికేళ్లుంటాయి.

“మేట్, నాకిచ్చిన కాగితంలో అది పోవాలని ఉంది,” అన్నాడు. “పావుగంట ఆగుతాను, టీ తాగుతాను. కావాలంటే కొమ్మలు కోసుకో. మా నాన్నమ్మ అలాగే చేసేది.”

వెనక్కి చూస్తే మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. ఇప్పుడు వెళ్లి కొమ్మలు కోసుకుంటే ఎందుకని అడుగుతుంది. మనకి మొక్క ఉంది కదా అంటుంది. చచ్చినవి ఎలా చచ్చాయో మాట్లాడాల్సొస్తుంది. పైగా ఈ కుర్రాడు నాకు దయ చూపించడమేమిటి?

“నాకేం అక్కర్లేదు, నీ పని నువ్వు చేసుకో,” అని లోపలికొచ్చి కిటికీ ధడాలున వేశాను.

అతను పావుగంట ఆగాడు. నిజంగానే ఆగాడు. ఫ్లాస్కు లోంచి టీ తాగుతూ మా ఇంటి వైపు రెండుసార్లు చూశాడు. తర్వాత మఫ్స్ పెట్టుకుని మొదలుపెట్టాడు. మొత్తం పని పది నిమిషాలు పట్టలేదు. ఆ పావుగంట నేను కంప్యూటర్ ముందు ఒక మీటింగులో కూర్చుని తల ఊపుతున్నాను.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం గిన్నెలు కడుగుతూ ఫోన్ స్పీకర్లో పెట్టాను. మా ఆవిడ గదిలోంచి వస్తోందని చూసుకోలేదు.

“తొట్టి కొన్నాను,” అంది ముసలావిడ. “నీలిరంగుది. నడక బాగానే వచ్చింది. మూడింటిలో ఏది బలంగా ఉంది?”

“మూడూ బలంగానే ఉన్నాయి. మీకు నచ్చింది తీసుకోండి.”

ఫోన్ పెట్టేశాను. వెనక నుంచి మా ఆవిడ నెమ్మదిగా అడిగింది.

“మూడా?”

నేను గిన్నె కడుగుతూనే ఉన్నాను.

“మొక్కలు చచ్చాయి, సరే. ఎవరికైనా చస్తాయి. ఆవిడకి ఎందుకు చెప్పలేదు?”

“బాధపడుతుందని.”

“అబద్ధం. మీకు సిగ్గు. అంతే.” ఆవిడ గొంతు పెంచలేదు. “చెట్టు కొట్టేరోజు ఆ అబ్బాయి ఆగినా మీరెందుకు కొమ్మలు వద్దన్నారో నాకప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడర్థమైంది. మీకిదొక జబ్బు. తప్పు చేయడానికి సిగ్గుపడరు, దొరికిపోవడానికి సిగ్గుపడతారు. పన్నెండేళ్లుగా చూస్తున్నా. నాతోనైతే సర్దుకుపోయాను. ఆ ముసలావిడ ఏం చేసింది మిమ్మల్ని?”

నేను అరిచాను. ఏదో ఒకటి అరిచాను. ఆవిడ వినలేదు. డ్రాయరులోంచి అన్నం గరిటె తీసుకుని, వానకోటు వేసుకుని బయటికి నడిచింది. వెళ్లి చూసేసరికి మిగిలిన మొక్క దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, మొదలు చుట్టూ మట్టి గరిటెతో తోడుతోంది. జానెడు తోడితే గానీ అసలు వేళ్ల ముద్ద కనపడలేదు. మట్టిలో ఉన్న కాండం ఒకవైపు నల్లబడింది. రెండోవైపు గోటితో గీరితే లోపల పచ్చగా ఉంది.

“పార తెండి,” అంది. తెచ్చాను. “మీరు తవ్వకండి. పట్టుకోండి చాలు.”

ఆ వానలోనే పాదు గట్టు పగలగొట్టింది. నేల మీద వదులు మట్టీ, పైన్ బెరడూ కలిపి దిబ్బ పోసి, మొక్కని ఆ దిబ్బ మీద కూర్చోబెట్టింది, వేళ్ల ముద్ద పైభాగం బయటికి కనపడేలా. చుట్టూ బెరడుముక్కలు పరిచింది, కాండానికి నాలుగు వేళ్ల దూరంలో. ఆంటీ నాకు కంచె మీంచి చెప్పిన ప్రతి మాటా మా ఆవిడ అప్పుడే విందట. నేను మాత్రం వినలేదు.

“ఫోన్లో చెప్పకండి,” అంది లేస్తూ. “వెళ్లి చెప్పండి.”

శనివారం వెళ్లాను. దారిలో మనసులో నాలుగు రకాలుగా చెప్పుకున్నాను, నాలుగింటిలోనూ వానల ప్రస్తావన ఉంది. గుమ్మం ముందు నీలి తొట్టి ఉంది, మట్టి నింపి. దాన్ని చూశాక వానల గురించి నోరు రాలేదు. కూర్చోకుండానే చెప్పాను. రెండు చచ్చాయని, ఎప్పుడు చచ్చాయో, ఫోటోల సంగతి, డిగ్గర్ కుర్రాడి సంగతి.

ఆవిడ క్షమించలేదు. కొంతమంది ఇక్కడ ‘ఫర్వాలేదు డియర్’ అంటారు, ఆవిడ అనలేదు.

“మొదటిది ఎప్పుడు పోయింది?” మళ్లీ అడిగింది.

“డిసెంబరులో.”

“చెట్టు మార్చిలో కదా పడింది.”

“అవును.”

“డిసెంబరులో నువ్వొక్క మాట చెప్పి ఉంటే, మా అబ్బాయి చేత పాతిక కొమ్మలు కోయించేదాన్ని.” చేతికర్ర నేలకి తాటించింది. “ఆ గుంటలు తవ్వినందుకు నీ మీద నాకు కోపం లేదు. అందరం తవ్వుతాం. నేనూ మా ఆయనా మొదటి రెండు మొక్కలు చంపాం. ఆ ఫోటోలు నేను రోజూ చూసుకున్నాను తెలుసా? ఎనభై నాలుగేళ్లు నాకు. నా దగ్గర పారేసుకోడానికి ఏళ్లు లేవు.”

తలొంచుకుని నిలబడ్డాను. ఆవిడే మళ్లీ అడిగింది.

“మిగిలింది ఎలా ఉంది? నిజం చెప్పు.”

“సగం ఆకులు రాలిపోయాయి. కాండం ఒక పక్క నలుపు. ఇంకో పక్క పచ్చగా ఉంది. మా ఆవిడ దిబ్బ మీద పెట్టింది.”

“ఆ పిల్లకి బుద్ధుంది. ఇప్పుడు నాకు తేవద్దు. మళ్లీ కదిలిస్తే చస్తుంది. ఎరువు వేయకు, ఏమీ వేయకు. ముట్టుకోకు. ఆదివారం ఫోన్ నువ్వు చెయ్యి, నేను చెయ్యను.”

టీ ఇవ్వలేదు. నేను కారెక్కేదాకా గుమ్మంలో నిలబడింది, వీడ్కోలుకి మాత్రం కాదు.

ఆదివారాలు నేనే ఫోన్ చేసేవాణ్ని. “రెండాకులు రాలాయి.” “మరేం చేశావు?” “ఏం చేయలేదు.” “మంచిది.” ఫోన్ పెట్టేసేది. అంతకు మించి మాటలుండేవి కావు. ఏమీ చేయకపోవడం ఎంత కష్టమో నాకు ఈ చలికాలంలోనే తెలిసింది. సాయంత్రం దిబ్బ దగ్గరికి వెళ్తే చేతులు మట్టి కోసం లాగుతాయి. ఏదో ఒకటి తవ్వాలి, సరిచేయాలి, కట్టాలి, రైతుననిపించుకోవాలి. జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడేవాణ్ని. కోపమొచ్చేది. ఎవరి మీదో వెతికితే చివరికి నేనొక్కణ్నే దొరికేవాణ్ని.

ఆగస్టులో ఆకులు రాలడం ఆగింది. ఒక కొమ్మ చివర బొటనవేలంత మొగ్గ కనిపించింది. పూలమొగ్గ. ఆకు మొగ్గయితే సన్నగా ఉంటుంది, ఇది ఉబ్బుగా ఉంది. మా ఆవిడని పిలిచి చూపించాను. ఇద్దరం వంగి చూశాం, ఎవరం ముట్టుకోలేదు. ఆదివారం దాకా ఆగలేక గురువారమే ఫోన్ చేశాను.

“పూలమొగ్గ ఒకటి వచ్చింది,” అన్నాను.

అవతల ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకున్న చప్పుడైంది.

“ఎన్ని ఆకులున్నాయి దానికి?”

“పద్దెనిమిది.”

“అయితే తీసెయ్.”

“మొగ్గనా?”

“సగం వేళ్లు లేని మొక్క అది. పువ్వు పూసిందంటే ఉన్న బలమంతా అక్కడికే పోతుంది. ముందు వేళ్లు రావాలి. మొదట్లో పట్టుకుని పక్కకి వంచితే పుటుక్కున వస్తుంది. కింద చిన్న కళ్లుంటాయి, చిగుళ్లు వచ్చేవి, వాటికి గోరు తగలనీకు.”

“మీరొకసారి చూడాలని... ఒక్కటే కదా. అది పూశాక తీసేద్దాం. ఫోటో పంపుతాను.”

“నీ ఫోటోలు చూశాను,” అంది. “వెళ్లి తీసెయ్. నేను ఆగుతాను.”

ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని బయటికి నడిచాను. గాలి విసురుగా ఉంది. ఎడం చేత్తో కొమ్మ పట్టుకుని, కుడి చేతి రెండు వేళ్లతో మొగ్గని పక్కకి వంచాను. ఆవిడ చెప్పినట్టే చిన్న చప్పుడుతో వచ్చేసింది. కింద కళ్లు రెండున్నాయి, దెబ్బ తగల్లేదు. మొగ్గ అరచేతిలో చల్లగా, జిగటగా ఉంది.

“తీశావా?”

“తీశాను.”

“ఏ రంగు కనిపిస్తోంది?”

ఆవిడ ఏం వినాలనుకుంటోందో నాకు తెలుసు. ఎరుపు అంటే సరిపోయేది. ఎవరూ వచ్చి చూడరు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

“రంగింకా రాలేదు,” అన్నాను. “పచ్చగానే ఉంది.”

“ఊఁ,” అంది ఆవిడ. “సరే, ఆదివారం చెయ్యి,” అని పెట్టేసింది.